ఆకాశం మన యాసను తప్పు పట్టదు.. కోచింగ్ సెంటర్ ఎందుకు పడ్తది?

మొన్న మా పక్కూరి చెల్లె ఒకామె ఫోన్ చేసింది. డిగ్రీల ఫిజిక్స్, మ్యాథ్స్ చదివింది. బాపుకు రెండెకరాల ఎవుసం. విమానాలకు కిందికెల్లి తొవ్వ చెప్పే కొలువు ఉంటది కదా, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అంటరు, దానికి తయారైత అని పట్నంల ఒక కోచింగ్ సెంటర్‌కు పోయింది. ఆడ కూసున్న సారు ఈమెతోని నాలుగు ముక్కలు ఇంగ్లీషుల మాట్లాడిచ్చిండు. మాట్లాడిచ్చి, "నీ ఇంగ్లీషుల మీ ఊరి యాస కొడ్తున్నదమ్మా. ఈ యాసతోని ఏవియేషన్‌ల పాస్ గావు. ముందుగాల ఆర్నెల్లు యాక్సెంట్ కోర్సు చెయ్యి" అన్నడట. ఫీజు ఎంతో చెప్పేసరికి ఈమెకు నోట మాట రాలే.

"అన్నా, నిజంగనే మన యాస ఉంటే ఆ కొలువు రాదా?" అని అడిగింది.

నాకు ఎంబడే జవాబు దొరకలే. నేను పైలట్‌ను కాదు, ప్రొఫెసర్‌ను కాదు. ఇంటర్ కాడనే నా సదువు ఆగింది. ఆ తర్వాత నేర్సుకున్నదంతా లైబ్రరీల, మీటింగులల్ల, ఇప్పుడు ఫోన్‌ల. "రెండు రోజులు టైమియ్యి చెల్లె, తెల్సుకోని చెప్త" అన్న. రెండు రోజులు కాదు, రెండు వారాలు పట్టింది. తెల్సుకున్నంక నాకు కోపం వచ్చింది. ప్రపంచం మొత్తంల విమానాలకు రూలు రాసే పుస్తకంల ఉన్నది ఒకటి, మన పోరగాండ్లకు ఈడ చెప్తున్నది ఇంకోటి. గందుకే ఈ ముచ్చట ఆమె ఒక్కదానికి కాకుండ మీ అందరికీ చెప్తున్న.

349 పానాలు

అస్సలు పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లీషు పరీక్ష ఎందుకు పెట్టిన్రు? దీని ఎనుక రక్తం ఉన్నది. అది కూడ మన గడ్డ మీద కారిన రక్తమే.

1996 నవంబర్ 12. మాపటీలి. ఢిల్లీ నుంచి సౌదీ విమానం ఒకటి లేసింది. పెద్ద బోయింగ్ 747. అదే టైముకు కజకిస్తాన్ నుంచి ఇల్యూషిన్ విమానం ఒకటి ఢిల్లీల దిగేతందుకు వస్తున్నది. కంట్రోలర్ సౌదీ విమానానికి 14 వేల అడుగుల ఎత్తు దాకా ఎక్కమన్నడు. కజక్ విమానానికి 15 వేల అడుగుల కాడ ఆగమన్నడు. నడుమ వెయ్యి అడుగుల జాగ. ఎదురుంగ విమానం వస్తున్నదని కజక్ వాళ్లకు చెప్పిండు గూడ. అయినా కజక్ విమానం 15 వేల కాడ ఆగలే, కిందికి దిగింది. హర్యానాల చర్ఖీ దాద్రీ పొలాల మీద రెండు గుద్దుకున్నయి. 349 మంది పోయిన్రు. ఒక్కలు బతకలే. రెండు విమానాలు గాల్ల గుద్దుకున్న ప్రమాదాలల్ల ప్రపంచంల ఇప్పటికీ ఇదే అన్నిటికన్న పెద్దది.

ఆ సౌదీ విమానంల ఉన్నోళ్లల్ల ఎక్కువ మంది మన దేశపోళ్లే. గల్ఫ్‌కు పనికి పోయెటోళ్లు మస్తుమంది. గల్ఫ్ విమానం అంటే ఏందో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ఊర్లకు నేను చెప్పాల్నా? అట్లాంటి విమానంల మన అన్ననో, బావనో కూసోని ఉంటడు. పైన కాక్‌పిట్‌ల ఇద్దరు మనుషులు ఏం మాట్లాడుకుంటున్నరో వానికి ఎరుక ఉండది. వాని పానం మాత్రం ఆ మాటల మీదనే ఉంటది.

జస్టిస్ లాహోటీ నాయకత్వంల విచారణ జరిగింది. కజక్ పైలట్లు చెప్పిన ఎత్తు కన్న కిందికి దిగుడే కారణమని తేల్చిన్రు. ఎందుకు దిగిన్రు? ఇంగ్లీషు సరిగ్గ రాక కంట్రోలర్ మాటను తప్పుగ అర్థం చేసుకున్నరని కమిషన్ అన్నది. ఆ విమానంల రేడియో మాట్లాడే మనిషి వేరు, విమానం నడిపే మనిషి వేరు. ఒకల నోట్లెకెల్లి ఇంకొకల చెవులకు పోయేలోపట మాట తప్పిపోయింది. ఒక్క భాషనే కారణం అంటే అది గూడ తప్పే. ఆ దినాలల్ల ఢిల్లీ కంట్రోలర్ ముంగట ఉన్న రాడార్‌ల విమానం ఎంత ఎత్తున ఉన్నదో కనవడకపోతుండె. వచ్చే విమానాలకు, పోయే విమానాలకు ఒక్కటే తొవ్వ ఉండె. గన్ని లోపాలున్నప్పుడు మిగిలిన ఒక్క అండ మాటనే. ఆ మాట గూడ తెగింది.

"రెడీ" అన్నడా, "పోతున్న" అన్నడా?

ఇదొక్కటే కాదు. 1977 మార్చి 27న స్పెయిన్ కిందికొచ్చే టెనెరిఫ్ దీవిల రన్‌వే మీద రెండు జంబో విమానాలు గుద్దుకున్నయి. 583 మంది పోయిన్రు. మంచు కమ్మి ఏం కనవడని పూట. డచ్ కో-పైలట్ రేడియోల "మేము టేకాఫ్ కాడ ఉన్నం" అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడిండు. ఆయన మనసుల ఉన్నది "లేస్తున్నం" అని. కింద కంట్రోలర్‌కు సమజైంది "లేసేతందుకు తయారుగ నిలవడ్డం" అని. ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లీషే. ఇద్దరిదీ సొంత భాష కాదు. ఆ ప్రమాదం తర్వాతనే నిజంగ లేసేతందుకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు తప్ప "టేకాఫ్" అన్న మాటను రేడియోల వాడొద్దని కట్టడి పెట్టిన్రు.

1990 జనవరి 25న కొలంబియా విమానం ఒకటి న్యూయార్క్ మీద చక్కర్లు కొట్టి కొట్టి ఇంధనం ఒడిసి కూలిపోయింది. 73 మంది పోయిన్రు. కో-పైలట్ కంట్రోలర్లకు "ప్రయారిటీ కావాలె" అని చెప్పిండు, "ఇంధనం ఒడుస్తున్నది" అని గూడ చెప్పిండు. కానీ "ఎమర్జెన్సీ" అన్న ఒక్క మాట అనలే. కాక్‌పిట్‌ల కెప్టెన్ స్పానిష్‌ల "ఎమర్జెన్సీ అని చెప్పు" అంటనే ఉన్నడు. కింద అమెరికా కంట్రోలర్లది సొంత భాషనే ఇంగ్లీషు. "ఇంధనం ఒడుస్తున్నది" అని చెవుల పడ్డంక గూడ "ఇంకెన్ని నిమిషాలకు ఉన్నది? ఎమర్జెన్సీనా?" అని గట్టిగ ఎవరూ అడగలే. గీ ముచ్చట యాది పెట్టుకోండ్రి, మళ్లొస్త. ఇంగ్లీషు ఇంట్ల పుట్టినోళ్లు గూడ వినుట్ల ఫెయిల్ అయితరు.

పుస్తకంల ఏం రాసున్నది?

ఈ ప్రమాదాలు, అన్నిటికన్న ఎక్కువ మన చర్ఖీ దాద్రీ, ప్రపంచాన్ని కదిలిచ్చినయి. విమానాలకు రూల్స్ రాసే ఐక్యరాజ్య సమితి సంస్థ ఒకటున్నది, ఐకావో అంటరు. 1998ల దాని మహాసభ ఇంగ్లీషు పరీక్షను గట్టిగ పట్టుకోవాలె అని తీర్మానం చేసింది. 2003ల రూలు రాసిన్రు. 2008 మార్చి 5 నుంచి అమలు. తయారుగాని దేశాలకు 2011 దాకా టైమిచ్చిన్రు.

ఇప్పుడు అస్సలు ముచ్చట వినండ్రి తమ్ముళ్లూ, చెల్లెండ్లూ.

ఈ పరీక్షల ఆరు మెట్లున్నయి. అంతర్జాతీయ విమానం నడపాలన్నా, దానికి కిందికెల్లి తొవ్వ చెప్పాలన్నా నాలుగో మెట్టు రావాలె. నాలుగొస్తే మూడేండ్లకోసారి మళ్ల పరీక్ష. అయిదొస్తే ఆరేండ్లకోసారి. ఆరొస్తే మళ్ల రాసే పని లేదు. రాసుడు అన్న గానీ, అస్సలు ఇండ్ల రాసేది, చదివేది ఏం లేదు. మాట్లాడుడు, వినుడు, గంతే.

ఆరు ముక్కల చూస్తరు. ఒకటి ఉచ్చారణ. రెండు వాక్యం కట్టుడు. మూడు మాటల సరుకు. నాలుగు ఆగకుండ మాట్లాడుడు. అయిదు అర్థం చేసుకునుడు. ఆరు ఎదుటోనితోని మాట కలిపి సంగతి తేల్చుకునుడు. ఈ ఆరింట్ల అన్నిటికన్న తక్కువ ఏది వస్తే అదే నీ మెట్టు. అయిదింట్ల ఆరొచ్చి ఒక్కదాంట్ల మూడొస్తే నువ్వు మూడే. సరాసరి కట్టుడు లేదు. ఎందుకంటే పైన ఉన్నప్పుడు తాడు పుటుక్కున తెగేది అన్నిటికన్న పలుసగ ఉన్న కాడనే.

మరి ఉచ్చారణ గురించి ఆ రూలుల ఏం రాసిన్రో ఎరుకేనా? నాలుగో మెట్టుల, నీ ఉచ్చారణ మీద నీ మాతృభాషదో, నీ ప్రాంతపు యాసదో ముద్ర ఉంటది, అది ఎప్పుడో ఒకపారి తప్ప అర్థం గావుటానికి అడ్డం రావద్దు అని రాసిన్రు. నాలుగో మెట్టే కాదు, అన్నిటికన్న పైన ఉండే ఆరో మెట్టుల గూడ యాస ముద్ర ఉండొచ్చనే రాసిన్రు. అర్థం గావుటానికి దాదాపు ఎన్నడూ అడ్డం రావద్దు, గంతే తేడా. ఇంకో కాడ ఇంకా సాఫ్‌గ ఉన్నది: విమానాల లోకానికి అర్థమయ్యే మాండలికమో, యాసో వాడాలె అని. మాండలికం అన్న మాట ఆ రూలులనే ఉన్నది! ప్రపంచ సంస్థ రాసిన రూలు మాండలికాన్ని ఒప్పుకున్నది. మన కోచింగ్ సెంటర్ ఒప్పుకోలే.

గ్రామర్ సంగతి గూడ గంతే. నాలుగో మెట్టుల వాక్యం తప్పు పోవచ్చు, ముఖ్యంగ అనుకోనిది ముంగటికొచ్చినప్పుడు. అర్థం చెడకుంటే చాలు.

"టౌజండ్" అంటే నవ్విన్రు

నాకు ఇరవై ఏండ్లున్నప్పుడు పట్నంల ఒక ప్రైవేట్ ఆఫీసుల నౌకరి కోసం ఇంటర్వ్యూకు పోయిన. జీతం ఎంత కావాలె అంటే "టూ టౌజండ్" అన్న. అవతల కూసున్న ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకోని నవ్విన్రు. ఆ నవ్వు నాకు ఇరవై ఏండ్లు దాటినా యాదికున్నది. ఆ దినం ఇంటికొచ్చినంక నేను చానా ఏండ్లు నలుగుట్ల ఇంగ్లీషు నోరు తెరవలే.

ఇప్పుడు చూస్తే ఆకాశంల వెయ్యిని అనేదే "టౌజండ్" అట! రేడియోల అంకెలు ఎట్ల పలకాల్నో ఐకావో పట్టిక చేసి పెట్టింది. మూడును "ట్రీ" అనాలె. అయిదును "ఫైఫ్" అనాలె. తొమ్మిదిని "నైనర్" అనాలె. వెయ్యిని "టౌ-సండ్" అనాలె. నాలుక పండ్ల నడుమ పెట్టి పలికే ఆ ఇంగ్లీషు చప్పుడు రేడియోల సరిగ్గ వినవడది, ప్రపంచంల సగం మందికి నోరు తిరగది. గందుకని అందరి నోటికి తగ్గట్టు ఇంగ్లీషునే జర వంచిన్రు. పైలట్ల ఇంగ్లీషు అంటే దొరల ఇంగ్లీషు కాదు. అది పని కోసం చెక్కిన పనిముట్టు. మన నాగలి కర్ర లెక్క, ఎవని చేతికి అందినా పని చెయ్యాలె.

మరి పట్టికల ఉన్న మాటలు బట్టీ కొడితే అయిపోతదా? కాదు. "దిగు", "ఎక్కు", "ఆగు", "మళ్ల చెప్పు" లాంటి మాటలకు ముందే ఖాయం చేసిన ముక్కలున్నయి, అవి నెల దినాలల్ల వస్తయి. కానీ ఇంజన్ల పక్షి పడితే? ప్యాసింజర్‌కు గుండెనొప్పి వస్తే? కాక్‌పిట్‌ల కాలిన వాసన వస్తే? దానికి బట్టీ ముక్క ఉండది. అప్పుడు నీ సొంత మాటలల్ల, భయంల గూడ, ఏం అయిందో ఎదుటోనికి సమజయ్యేటట్టు చెప్పాలె. పరీక్ష ఉన్నది దీనికోసమే.

"సమజ్ కాలే" అనుడు సిగ్గు కాదు

ఆ ఆరు ముక్కలల్ల నాకు అన్నిటికన్న నచ్చింది ఆఖరిది. ఎదుటోడు చెప్పింది సరిగ్గ అర్థం గాకపోతే అడగాలె, రూఢి చేసుకోవాలె, తేటగ చెప్పిచ్చుకోవాలె. నాలుగో మెట్టుకు ఇది వచ్చి తీరాలె. కంట్రోలర్ చెప్పిన ఎత్తును, తొవ్వను పైలట్ తిరిగి అప్పజెప్పాలె. అప్పజెప్పింది సరిగ్గ ఉన్నదా లేదా అని కంట్రోలర్ చెవు పెట్టి వినాలె. డౌట్ వస్తే "సే అగైన్" అనాలె. చాతగాకుంటే "అనేబుల్" అనాలె. ఇవి మర్యాద మాటలు కాదు, పానాలు కాపాడే మాటలు.

ఇప్పుడు మన క్లాసురూములు యాది చేసుకోండ్రి. "సార్, సమజ్ కాలే" అన్నోడు ఏమైతడు? మొద్దు అయితడు. ఎనుక బెంచీకి పోతడు. గందుకే మన పోరలు అర్థం గాకున్నా తల ఊపుడు నేర్సుకున్నరు. "యెస్ సార్" అనుడు నేర్సుకున్నరు. నేను గూడ గట్లనే ఊపిన. కానీ ఆకాశంల అర్థం గాకున్నా తల ఊపినోడే అన్నిటికన్న పెద్ద ప్రమాదం. మన పిల్లలకు అడ్డం వస్తున్నది యాస కాదు. భయం. ఆ భయం వాళ్లు పుట్టుకతోని తెచ్చుకోలే, మన బడులు నేర్పినయి, ఇంటర్వ్యూలల్ల నవ్వులు నేర్పినయి. ఆ భయం మీదనే యాక్సెంట్ కోర్సుల యాపారం నడుస్తున్నది.

మరి తెలుగుల మాట్లాడుకోవచ్చు కదా?

ఒక తమ్ముడు నన్ను అడిగిండు: "అన్నా, మన భాష కోసం గింత కొట్లాడుతవు, మరి శంషాబాద్‌ల దిగే విమానాలకు తెలుగుల చెప్తే ఏంది?" మంచి ప్రశ్ననే. దీనికి చరిత్ర ఉన్నది.

కెనడాల క్యూబెక్ రాష్ట్రంల జనం మాట్లాడేది ఫ్రెంచ్. ఆడ ఆకాశంల ఫ్రెంచ్ వాడొద్దా అని 1976ల పెద్ద లొల్లి అయింది. ఫ్రెంచ్ వస్తే ప్రమాదం అని ఇంగ్లీషు పైలట్లు, కంట్రోలర్లు సమ్మె చేసిన్రు. విమానాలు ఆగినయి, ఒక కేంద్రమంత్రి రాజీనామా గూడ చేసిండు. తర్వాత విచారణ కమిషన్ వేసిన్రు. రెండు భాషలు వాడినా ప్రమాదం పెరగది అని 1979ల తేలింది. ఇయ్యాల ఆడ ఫ్రెంచ్ వాడుతరు. ఐకావో రూలు గూడ స్థానిక భాష వాడొద్దు అనలే. స్థానిక భాష వాడుకోవచ్చు, కానీ అంతర్జాతీయ విమానాలు వచ్చే కాడ ఎవరు అడిగినా ఇంగ్లీషు ఉండాలె అన్నది.

ఇంకో దిక్కు గూడ చూడాలె. 2000 మే నెలల పారిస్ ఎయిర్‌పోర్ట్‌ల ఫ్రెంచ్ విమానం ఒకటి రన్‌వే మీద లేస్తుంటే బ్రిటిష్ సరుకుల విమానం అడ్డమొచ్చింది. రెక్క తగిలి బ్రిటిష్ పైలట్ ఒకాయన పానం పోయింది. కంట్రోలర్ ఫ్రెంచ్ విమానానికి ఫ్రెంచ్‌ల చెప్పిండు, బ్రిటిష్ విమానానికి ఇంగ్లీషుల చెప్పిండు. పక్క విమానానికి ఏం చెప్పిన్రో బ్రిటిష్ పైలట్లకు సమజ్ కాలే. ఒక్కటే రేడియో మీద అందరూ ఉంటరు కాబట్టి, పక్కోని మాట వినుకుంట సుట్టు ఏం జరుగుతున్నదో పైలట్లు తెల్సుకుంటరు. భాష వేరైతే ఆ చెవు మూసుకపోతది.

గందుకని నేను ఆకాశంల తెలుగు కావాలె అని అంటలే. పరీక్షను అల్కగ చెయ్యమని గూడ అంటలే. చర్ఖీ దాద్రీల పోయిన పానాల ముంగట నిలవడి ఆ మాట ఎవ్వలూ అనలేరు. నేను అంటున్నది ఒక్కటే. పరీక్ష దేనికి పెట్టిన్రో దానికే పెట్టాలె. అర్థమైందా, అర్థం చేసుకున్నవా అని అడగాలె. ఏ ఊరోనివి, ఏ బడిల చదివినవు అని యాసను చూసి అంచనా కట్టొద్దు.

ఎవరి తప్పును ఎవరు చూస్తరు?

ఇండ్ల ఇంకో కిరికిరి ఉన్నది. ఈ పరీక్షను ఐకావో పెట్టది. రూలు రాస్తది, గంతే. పరీక్ష ఎట్ల పెట్టాల్నో ఏ దేశానికి ఆ దేశం చూసుకుంటది. ఒక దేశంల నాలుగో మెట్టు, ఇంకో దేశంల నాలుగో మెట్టు ఒక్క తీరు ఉంటదన్న గ్యారెంటీ లేదు.

న్యూయార్క్ ముచ్చట యాది పెట్టుకొమ్మన్న కదా. ఇంగ్లీషు సొంత భాష అయినోళ్లు రేడియోల తొందరగ మాట్లాడుతరు, వాళ్ల ఊరి సామెతలు, పొట్టి మాటలు వాడుతరు. అవతలోనికి సమజ్ గాకపోతే తప్పు అవతలోనిది అయితది. ఐకావో పుస్తకం మాత్రం బరువు ఇద్దరి మీద పెట్టింది. ఇంగ్లీషు ఇంట్ల పుట్టినోడు గూడ నిదానంగ, సాఫ్‌గ, సామెతలు లేకుండ మాట్లాడాలె అని చెప్పింది. ఇది మనోళ్లకు ఎవ్వలూ చెప్పరు. అర్థం గావుడు ఇద్దరి పని. ఒక్కని తలమీద పెట్టే మూట కాదు.

మన దేశంల పైలట్ లైసెన్సులు డీజీసీఏ చూస్తది. విమానంల రేడియో మాట్లాడే లైసెన్స్ మాత్రం ఏండ్ల సంది టెలికాం శాఖ కింద ఉండె. 1934 నాటి విమాన చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం 2024 అమలుల కొచ్చింది. దాంతోని ఆ రేడియో లైసెన్స్ గూడ డీజీసీఏ కిందికి వచ్చింది. పద్ధతి మారుతున్నప్పుడే అడగాలె. మారిపోయినంక అడిగితే "ఎప్పటిసంది గిట్లనే ఉన్నది" అంటరు.

నేను అడుగుతున్నయి ఇవి. ఒకటి, భాషా పరీక్ష రాసిన ప్రతి మనిషికి ఆరు ముక్కలల్ల దేంట్ల ఎంత వచ్చిందో రాసియ్యాలె. "ఫెయిల్" అని ఒక్క మాటతోని పంపుడు కాదు. రెండు, మాట్లాడింది రికార్డ్ చేసి పెట్టాలె, అన్యాయం జరిగిందనుకుంటే ఇంకో పరీక్షకునితోని వినిపిచ్చుకునే హక్కు ఉండాలె. మూడు, పరీక్ష చేసేటోళ్లకు ఈ దేశంల ఉన్న అన్ని యాసలు విని అలవాటు ఉండాలె. తెలంగాణ, శ్రీకాకుళం, రాయలసీమ, బీహార్, నాగాలాండ్, అన్ని. నాలుగు, ఏ మెట్టుకు ఎట్ల మాట్లాడితే సరిపోతదో నమూనా ఆడియోలు ఫ్రీగ అందరికీ పెట్టాలె. అప్పుడు ఏ సెంటరోడూ మన పిల్లలను బెదిరియ్యలేడు.

భూమి మనది, టవర్ ఎవరిది?

ఇదంతా ఊర్ల ఉన్న మనకెందుకు అంటరేమో. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది 2008 మార్చిల. ఇంగ్లీషు పరీక్ష రూలు ప్రపంచమంత అమలైంది గూడ అదే నెల. ఆ ఎయిర్‌పోర్ట్ కోసం సుట్టు ఊర్ల భూములు పోయినయి. భూములు పోయిన ఊర్ల పోరగాండ్లల్ల ట్రాలీలు నూకేటోళ్లను చూసిన, క్యాబ్ నడిపేటోళ్లను చూసిన, ఊడ్సేటోళ్లను చూసిన. ఏ పనీ తక్కువ కాదు. కానీ పైన గాజు టవర్‌ల కూసోని విమానాలకు తొవ్వ చెప్పేటోళ్లల్ల ఆ ఊర్ల పిల్ల ఒక్కతి ఉన్నదా అని నేను అడిగితే, నాకింతవరకు ఒక్క పేరు ఎవ్వలూ చెప్పలే.

2025 ఫిబ్రవరిల కేంద్రం వరంగల్ మామునూరుకు పచ్చజెండా ఊపింది. రన్‌వే పొడుగు చెయ్యాలంటే మళ్ల రైతుల భూమే కావాలె. అటు ఉత్తరాంధ్రల భోగాపురం ఉన్నది. ఇప్పుడు దేశానికి విమానాల మంత్రి గూడ శ్రీకాకుళం బిడ్డనే. ఎయిర్‌పోర్ట్ వస్తే కొలువులు వస్తయని అందరూ అంటరు. ఏ కొలువులు? ఎవరికి? అని మనం అడగాలె.

పైలట్ కావాలంటే లక్షల మీద లక్షలు పెట్టాలె, 200 గంటలు విమానం నడిపి చూపియ్యాలె. మన ఇండ్లల్ల అది శానా కష్టం. కానీ కంట్రోలర్ కొలువు గట్ల కాదు. అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కింద సర్కారు కొలువు. ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ గానీ, ఇంజనీరింగ్ గానీ చాలు. వయసు 27 లోపు, రిజర్వేషన్ ఉన్నోళ్లకు సడలింపు ఉంటది. కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత గొంతు స్పష్టంగ ఉన్నదా అని చూసే వాయిస్ టెస్ట్, మానసిక పరీక్ష, మెడికల్ ఉంటయి. ఇంగ్లీషు ఎంత కావాలె అంటరా? ఇంటర్ స్థాయిల మాట్లాడుడు, రాసుడు రావాలె అని నోటిఫికేషన్లల్ల రాస్తరు. కొలువు వచ్చినంక ట్రైనింగ్ వాళ్లే ఇస్తరు. ఆ ట్రైనింగ్ సెంటర్లల్ల ఒకటి ప్రయాగ్‌రాజ్‌ల ఉంటే, ఇంకోటి మన బేగంపేటలనే ఉన్నది.

మన డిగ్రీ కాలేజీలల్ల ఎంపీసీ చదివేటోళ్లల్ల ఎంతమందికి ఈ ముచ్చట ఎరుక? భూములు తీసుకునేటప్పుడు ఊరూరికి అధికారులు వస్తరు. గదే తీరుగ ఈ కొలువు ఉన్నదని చెప్పేతందుకు గూడ రావాలె. మామునూరు సుట్టు ఉన్న సర్కారు కాలేజీలల్ల కంట్రోలర్ పరీక్షకు ఫ్రీ కోచింగ్ పెట్టాలె. అండ్ల ఇంగ్లీషు అంటే గ్రామర్ బుక్కు కాదు, ఫోన్‌ల ఎదుటోనికి సమజయ్యేటట్టు మాట్లాడుడు నేర్పాలె.

చెల్లెకు నేను చెప్పింది

రెండు వారాల తర్వాత ఆ చెల్లెకు ఫోన్ చేసిన. "ఆ ఫీజు కట్టకు" అన్న. "నీ యాసను ఏం చెయ్యకు. కానీ సోమరితనం గూడ చెయ్యకు. నువ్వు చెప్పేది వేరే రాష్ట్రపోనికి ఒక్కపారిల సమజ్ అయితదా లేదా చూసుకో. దినాం ఒక పది నిమిషాలు ఊర్ల జరిగిందేదో ఒకటి ఇంగ్లీషుల చెప్పి ఫోన్‌ల రికార్డ్ చేసుకో. మోటర్ కాలిపోయింది, బస్సు పంచర్ అయింది, వాన పడి తొవ్వ తెగింది, ఏదన్న సరే. నీ దోస్తుకు పంపు. ఆమెకు ఏం అర్థమైందో తిరిగి చెప్పమను. తప్పు చెప్తే మళ్ల చెప్పు. నీకు అర్థం గానిది ఉంటే అడుగు, నవ్వితే నవ్వనియ్యి."

"గంతేనా అన్నా?" అన్నది.

గంతే కాదు. ఆమె చేసేది ఆమె చేస్తది. ఒక్క పిల్ల కష్టపడితే ఒక్క పిల్ల టవర్ ఎక్కుతది. మిగిలినోళ్లు గూడ ఎక్కాలంటే డీజీసీఏను అడగాలె, ఎమ్మెల్యేను అడగాలె, కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడగాలె. మామునూరు భూమి మీటింగుల పైసల ముచ్చట ఎట్లాగూ వస్తది. ఈసారి అదే మీటింగుల లేసి నిలవడి టవర్ కొలువుల ముచ్చట గూడ అడగండ్రి. మన యాసలనే అడగండ్రి. వాళ్లకు సమజ్ గాకపోతే, మళ్ల చెప్దాం.